బొమ్మ లేని గీత: నైరూప్య రేఖాచిత్రాల అర్థం, అనుభూతి (స్మారకోపన్యాస పాఠం)

చెట్టు, మనిషి, ఇల్లు, కొండ అని గుర్తుపట్టడానికి వస్తువేదీ లేకుండా గీత, చుక్క, మచ్చ, ఖాళీ జాగా ఆధారంగా నిలబడే బొమ్మను నైరూప్య రేఖాచిత్రం అంటారు. అందులో చాలాసార్లు రంగు ఉండదు. పేరు కూడా ఉండదు. పక్కన అంటించిన చీటీ మీద ‘శీర్షిక లేదు’ అని, కింద సిరా, పెన్సిల్, కాగితం అని మాత్రం ఉంటుంది. అలాంటి బొమ్మ ముందు నిలబడిన మనిషికి మొదట వచ్చే ప్రశ్న ‘ఇదేమిటి?’ అని. రెండోది కాస్త మొహమాటంగా వస్తుంది: ‘ఇది చూస్తే నాకేమనిపించాలి?’ మొదటి ప్రశ్నకు జవాబు ఉండదు. రెండోదానికి ఉంటుంది, కాకపోతే దానికోసం బొమ్మను కొంచెం ఎక్కువసేపు చూడాలి.

ఆ ఓపిక లేనివారికి రెండు అడ్డదారులు దొరుకుతాయి. ఒకటి జీవితచరిత్ర దారి. గీసినవారు ఆ రోజుల్లో ఏ కష్టంలో ఉన్నారో, ఎవరిని పోగొట్టుకున్నారో తెలుసుకుంటే గీతల గుట్టు విడిపోతుందని నమ్మేవారు ఇటు వెళతారు. రెండోది ‘ఎవరికి తోచింది వారికి ఒప్పు’ అనే దారి. రెండింటిలోనూ కొంత నిజం లేకపోలేదు. కాని బొమ్మను సరిగా చూడకుండానే దాని గురించి మాట్లాడే వీలు రెండూ కల్పిస్తాయి. చేతి ఒత్తిడి, వేగం, రెండు గీతల మధ్య ఎడం, ఆగిన చోటు, మళ్లీ మొదలైన చోటు కాగితం మీద గుర్తులుగా మిగులుతాయి. చూసేవారిలో కలిగే అనుభూతికి ఆధారం ఆ గుర్తులే. అర్థం చెప్పడం కూడా వాటిని వర్ణించడంతోనే మొదలుకావాలి.

గీతకు ఇంత బరువు ఇవ్వడం ఈ దేశంలో కొత్త సంగతి కాదు. విష్ణుధర్మోత్తర పురాణంలోని చిత్రసూత్రం బొమ్మలు చూసేవారిని వరుసగా విడదీసి చెబుతుంది: ఆచార్యులు గీతను మెచ్చుకుంటారు, కొందరు నీడలు దిద్దడాన్ని మెచ్చుకుంటారు, కొందరికి నగలు నచ్చుతాయి, తక్కినవారికి రంగుల సంపద నచ్చుతుంది. కామసూత్రాలకు యశోధరుడు రాసిన జయమంగళ వ్యాఖ్య చిత్రకళకు ఆరు అంగాలు చెప్పింది: రూపభేదం, ప్రమాణం, భావం, లావణ్యయోజన, సాదృశ్యం, వర్ణికాభంగం. నైరూప్య చిత్రంలో వీటిలో తప్పనిసరిగా రాలిపోయేది సాదృశ్యం ఒక్కటే. దానితో పాటే ‘అచ్చం అలాగే ఉందే’ అనే సులువైన ఆనందమూ పోతుంది. ఆ బరువంతా ప్రమాణం మీద, అంటే కొలతల మీద, ఎడాల మీద పడుతుంది. గుర్రం బొమ్మలో గీత ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగినా గుర్రం గుర్రంగానే ఉంటుంది. వస్తువు లేని బొమ్మలో ఆ వెంట్రుకవాసి బొమ్మనే మార్చేస్తుంది.

అసలు చిక్కు రససిద్ధాంతం దగ్గర వస్తుంది. విభావ, అనుభావ, వ్యభిచారీ భావాల కలయికవల్ల రసం నిష్పన్నమవుతుందని భరతుడు చెప్పాడు. ఆలంబన విభావం అంటే ఆ భావానికి ఆసరాగా నిలిచే వ్యక్తి లేదా వస్తువు. శకుంతల లేకుండా దుష్యంతుడి విరహం లేదు. నైరూప్య రేఖాచిత్రంలో ఆ ఆసరా ఎక్కడా కనబడదు. దిగులు కలుగుతుంది గాని ఎవరికోసమో చెప్పలేం. భయం వేస్తుంది గాని ఎదురుగా పులి లేదు. మరి భావం ఎలా పుట్టింది? పాత లెక్కలోనే దీనికి కొంత జవాబు ఉంది. విభావం పోయినా అనుభావం, అంటే భావం శరీరం మీద చూపే గుర్తు, మిగిలింది. భరతుడు చెప్పిన సాత్త్విక భావాలు ఎనిమిది. వాటిలో స్తంభం, వేపథువు అనే రెండింటికి నటుడి ఒళ్లు లేకపోయినా ఫరవాలేదు. ఉన్నట్టుండి ఆగిపోయిన గీత స్తంభం. వణికిన గీత వేపథువు. శరీరం కదిలిన తీరు కాగితం మీద అలాగే నిలిచిపోయింది. చూసేవారు దాన్ని తమ శరీరంతో చదువుతారు. నటుడి కన్నీళ్లు నిజమా, నటనా అని ఆలంకారికులు పడిన తగువు కూడా ఇక్కడికి వస్తుంది. గీత వణికింది చేయి వణికినందువల్లా, పాళీ పాడైనందువల్లా, కావాలని వణికించినందువల్లా అన్నది ఒక్కోసారి తేలదు. తేలకపోయినా చూసేవారికి కలిగిన అలజడి అబద్ధం కాదు.

తెలుగు పాఠకులకు ఈ చదువు కొత్తదేమీ కాదు. సంతకం మూసేసినా బాపు (1933–2014) గీతను గుర్తుపట్టేవారు లక్షల్లో ఉన్నారు. వారు గుర్తుపట్టేది కళ్లు, జడ, చీరకుచ్చెళ్లు చూసి మాత్రమే కాదు. గీత ఎక్కడ లావెక్కి ఎక్కడ సన్నబడుతుందో, ఎంత వేగంగా మలుపు తిరుగుతుందో వారికి తెలుసు. ఆయన చేతిరాతనుంచి పుట్టిన అక్షరాల్లో బొమ్మ ఏదీ లేకపోయినా ఆ నడక అలాగే కనిపించడమే ఇందుకు సాక్ష్యం. గుంటూరు జిల్లా తుమ్మపూడిలో ఉంటూ తెలుగులో కళావ్యాసాలు రాసిన సంజీవదేవ్ (1914–1999), బొమ్మను కథగా కాకుండా రేఖ, లయ, వర్ణాల కూర్పుగా చూసే అలవాటును తెలుగు చదువరులకు నేర్పినవారిలో ముఖ్యుడు.

ఢిల్లీలో ఈ తరహా రేఖాచిత్రాలను విస్తారంగా చూసే అవకాశం 2013లో వచ్చింది. సాకేత్‌లో ఒక మాల్ ఆవరణలో ఉన్న కిరణ్ నాడార్ మ్యూజియం ఆఫ్ ఆర్ట్ ఆ ఏడాది నస్రీన్ మొహమెదీ బొమ్మలతో పునరవలోకన ప్రదర్శన ఏర్పాటు చేసింది. దాన్ని కూర్చినది రూబీనా కరోడే, బరోడాలో నస్రీన్ దగ్గర చదువుకున్న మనిషి. బయట అమ్మకాల సందడి, లోపల సన్నటి పెన్సిల్ గీతలు. ఆ బొమ్మలకు అంతకన్నా కష్టమైన ఇరుగుపొరుగు దొరకడం అరుదు. నస్రీన్ 1937లో కరాచీలో పుట్టింది, బొంబాయిలో పెరిగింది, 1954 నుంచి 1957 వరకు లండన్ సెయింట్ మార్టిన్స్‌లో చదివింది, 1970ల మొదట్లో కొంతకాలం ఢిల్లీలో ఉంది, 1972 నుంచి బరోడాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పింది, 1990లో కన్నుమూసింది. బతికుండగా ఆమె పేరు చిన్న వలయం దాటలేదు. 2016లో న్యూయార్క్‌లో మెట్ బ్రాయర్ మ్యూజియం తలుపులు తెరిచినప్పుడు పెట్టిన తొలి ప్రదర్శనల్లో ఆమెది ఒకటి.

ఆమె బొమ్మల్లో దాదాపు వేటికీ శీర్షిక లేదు, చాలావాటి మీద తేదీ కూడా లేదు. 1970ల మొదట్లో అడ్డగీతలు, గళ్లు. ఆ దశాబ్దం చివరికి ఏటవాలు గీతలు. 1980లలో ఖాళీ కాగితంలో తేలే కోణాలు, చాపాలు. ఇంజనీర్లు, నక్షాలు గీసేవారు వాడే పనిముట్లే ఆమె పనిముట్లు: డ్రాఫ్టింగ్ బల్ల, స్కేలు, రూలింగ్ పెన్ను, గట్టి పెన్సిల్.

ఏటవాలు గీతల కాలంనాటి బొమ్మను దగ్గరగా చూస్తే మొదట కనిపించేది ఒక బూడిదరంగు పొర. అడుగు దూరానికి వచ్చాక ఆ పొర గీతలుగా విడిపోతుంది. గీతలన్నీ ఒకే వాలులో ఉన్నట్టు ఉంటాయి, కాని రెండింటి మధ్య ఎడం క్రమంగా తగ్గుతుంది. కొన్ని సిరా, కొన్ని పెన్సిల్. సిరా గీత ఎటునుంచి చూసినా ఒకే నలుపు. పెన్సిల్ గీత మాత్రం మనిషి పక్కకు కదిలితే సన్నగా మెరుస్తుంది. అందువల్ల బొమ్మ కదలకపోయినా చూసేవారు కదిలినప్పుడల్లా అందులో కొంత భాగం వెలిగి ఆరుతుంది. ఎడం తగ్గేచోట కంటికి నిలకడ దొరకదు. రెండు గీతల మధ్య తెలుపు ఒకసారి ముందుకు వచ్చినట్టు, ఒకసారి లోతుకు పోయినట్టు ఉంటుంది. ఇంకా దగ్గరికి వెళితే కొన్ని గీతలు అంచుదాకా పోకుండా మధ్యలోనే ముగిశాయని తెలుస్తుంది. ముగిసిన చోట తడబాటు లేదు. స్కేలు పక్కనుంచి పెన్ను శుభ్రంగా పైకి లేచింది. ఇక్కడ అనుకోకుండా జరిగిందంటూ ఏదీ కనిపించదు.

ఇలాంటి బొమ్మ చూసి ఒకరు సముద్రం అంటారు, ఒకరు కరెంటు తీగలంటారు, ఒకరు మగ్గం మీద పడుగంటారు, ఇంకొకరు ఏమీ అనకుండా తమకు ఊపిరి నెమ్మదించిందంటారు. మగ్గం అన్నవారిది మరీ ఊహ కాదు. నస్రీన్ తీసిన ఫొటోల్లో మగ్గం దారాలున్నాయి, ఫతేపూర్ సిక్రీ రాతి నేల ఉంది. అయినా బొమ్మ మగ్గాన్ని చూపిస్తోందని చెప్పడానికి లేదు; అందులో నేత లేదు, పేక లేదు. ఇన్ని మాటల్లో ఏది నిలుస్తుందో తేల్చడానికి ఒక పరీక్ష ఉంది. చెప్పినవారు బొమ్మలో ఆ అనుభూతికి కారణమైన చోటును వేలుపెట్టి చూపగలగాలి. ‘ఎడం తగ్గుతూ పోయి దూరంలో కలిసిపోతున్నట్టుంది, అందుకే సముద్రం అనిపించింది’ అంటే అది వ్యాఖ్యానం. ‘నాకు సముద్రమంటే ఇష్టం’ అంటే అది బొమ్మ గురించిన మాట కాదు. ఈ పరీక్షలో ఒకటికి నాలుగు వ్యాఖ్యానాలు నెగ్గవచ్చు, అందులో తప్పులేదు. నెగ్గనివి కూడా ఉంటాయన్నదే ముఖ్యం. ఆ బొమ్మలో కోపం ఉందని ఎవరైనా అంటే చూపించడానికి చోటు దొరకదు.

గీతకూ భావానికీ ఉన్న సంబంధాన్ని ప్రయోగశాలల్లో కూడా వెతికారు. 1921లో హెల్గె లుండ్‌హోమ్ అనే మనోవిజ్ఞాన పరిశోధకుడు కొందరికి భావాలను తెలిపే విశేషణాలిచ్చి ఒక్కోదానికి తగిన గీత గీయమన్నాడు. దిగులుకు గీతలు కిందికి వాలాయి. కర్కశమైన భావాలకు కోణాలు తేలాయి. మెత్తని భావాలకు వంపులు వచ్చాయి. 1924లో పాఫెన్‌బర్గర్, బారోస్ ఇదే సంగతిని తిరగేసి, గీతలు చూపించి భావాలు అడిగారు; ఫలితాలు చాలావరకు కలిశాయి. 1929లో మనోవిజ్ఞాని కోలర్ గుండ్రటి ఆకారానికి, మొనదేలిన ఆకారానికి అర్థంలేని పేర్లు రెండిచ్చి ఏది దేనికి తగునని అడిగాడు. 2001లో వి.ఎస్. రామచంద్రన్, ఎడ్వర్డ్ హబ్బర్డ్ దాన్నే ‘బూబా’, ‘కీకీ’ అనే పేర్లతో చేశారు. నూటికి 95 మందికి పైగా మొనదేలినదాన్నే కీకీ అన్నారు. తమిళం మాట్లాడేవారి జవాబు కూడా అదే. అంటే గీతకు భావం అంటగట్టడం పూర్తిగా చదువుకున్న అలవాటు కాదు, కొంత శరీరంలోనే ఉంది.

అయితే ఈ ప్రయోగాలను నిఘంటువులా వాడితే బొమ్మ చేయిజారుతుంది. ప్రయోగంలో గీత ఒంటరిది. బొమ్మలో వందల గీతలు ఒకదాని స్వభావాన్ని ఒకటి మారుస్తాయి. ఏటవాలు గీత అస్థిరంగా, అలజడిగా ఉంటుందని ఏ పాఠ్యపుస్తకమైనా చెబుతుంది. నస్రీన్ బొమ్మలో అవే ఏటవాలు గీతలు పక్కపక్కన చేరి నిశ్చలంగా ఉంటాయి. చిత్రకారుడు కాండిన్‌స్కీ 1926 నాటి పుస్తకంలో అడ్డగీత చల్లనిదని, నిలువుగీత వెచ్చనిదని, ఏటవాలు గీతలో రెండూ ఉన్నాయని ఉష్ణోగ్రతలు పంచిపెట్టాడు. ఆయన పాఠాలు చెప్పిన బౌహౌస్ కళాశాల తరగతికి ఆ లెక్క పనికివచ్చి ఉంటుంది. గోడ ముందు నిలబడిన ప్రేక్షకుడికి దానితో పెద్దగా ఒరిగేదేమీ లేదు.

నిశ్శబ్దమే నైరూప్య రేఖాచిత్రపు ఏకైక స్వభావమని అనుకోకుండా ఉండాలంటే జెరాం పటేల్ (1930–2016) సిరా బొమ్మలు చూడాలి. ఆయన గ్రూప్ 1890 సభ్యుడు. 1962లో భావ్‌నగర్‌లో 1890 నంబరు ఇంట్లో సమావేశమైన చిత్రకారులు ఆ నంబరునే పేరుగా పెట్టుకున్నారు. వారి ఒకే ఒక్క ప్రదర్శన 1963 అక్టోబరులో ఢిల్లీ రవీంద్ర భవన్‌లో జరిగింది; నెహ్రూ ప్రారంభించాడు, అప్పుడు మెక్సికో రాయబారిగా ఉన్న కవి ఆక్టావియో పాజ్ కేటలాగుకు ముందుమాట రాశాడు. 12 మంది సభ్యుల్లో జె. స్వామినాథన్, అంబాదాస్, హిమ్మత్ షా, గులాం మొహమ్మద్ షేక్‌లతో పాటు మద్రాసులో చిత్రకారుడు పణిక్కర్ శిష్యుడైన తెలుగువాడు రెడ్డెప్పనాయుడు కూడా ఉన్నాడు. బెంగాల్ శైలి భావుకతను, పడమటినుంచి తెచ్చుకున్న పద్ధతులను రెండింటినీ వద్దన్న జట్టు అది.

1960ల మధ్యలో జెరాం పటేల్ వేసిన ‘హాస్పిటల్’ వరస బొమ్మల్లో కాగితం నడుమ చిక్కటి నలుపు ముద్ద ఉంటుంది. దాని అంచు ఒకచోట ఎముకలా గట్టిగా, ఒకచోట పేగులా జారుగా, ఒకచోట పనిముట్టు మొనలా ఉంటుంది. ఏదీ పూర్తిగా ఎముక కాదు, పేగు కాదు, పనిముట్టు కాదు. గుర్తు దొరికినట్టే దొరికి జారిపోతుంది. ఆ జారడమే వెగటుకూ భయానికీ మధ్య ఉండే ఒక భావాన్ని పుట్టిస్తుంది. ఇది కాలు అని తేలిపోతే మనసు కుదుటపడేది. బీభత్స రసానికి పాతవారు చూపిన ఆలంబనం ఇక్కడ సగమే ఉంది, ఆ సగమే ఎక్కువ పని చేసింది.

సోమనాథ్ హోర్ (1921–2006) ఇంకో కొస. 1943 బెంగాల్ కరువును, 1946 తెభాగా రైతు ఉద్యమాన్ని కళ్లారా చూసి బొమ్మలు గీసినవాడు. 1958 నుంచి 1967 వరకు ఢిల్లీ పాలిటెక్నిక్ కళా విభాగంలో ముద్రణచిత్ర శాఖను నడిపాడు. ఆ తర్వాత శాంతినికేతన్‌లో, 1970లలో ‘గాయాలు’ అనే వరస చేశాడు. వాటిలో సిరా లేదు. మైనపు, మట్టి పలకలను కత్తితో కోసి, పొడిచి, కాల్చి, దానిమీద అచ్చు తీసి, ఆ అచ్చులో కాగితపు గుజ్జు నొక్కాడు. తెల్లటి కాగితం మీద తెల్లటి గాట్లు. పక్కనుంచి వెలుతురు పడితేనే కనిపిస్తాయి. మనిషి ఆకారం లేదు, రక్తపు రంగు లేదు. అయినా చూసేవారి వేళ్లు తెలియకుండానే ముడుచుకుంటాయి. చిత్రకారుడు లూచో ఫొంతానా చీల్చిన కాన్వాసుల మీద 2012లో ఇటలీ పరిశోధకులు, కళాచరిత్రకారుడు డేవిడ్ ఫ్రీడ్‌బర్గ్ కలిసి చేసిన ప్రయోగం ఒకటుంది. చీలికల చిత్రాలు చూసినప్పుడు ప్రేక్షకుల మెదడులో చేతి కదలికకు సంబంధించిన చలనం నమోదైంది. అలాంటి చోటే గీసిన ఉత్త గీతలు చూసినప్పుడు అలా జరగలేదు. చిన్న ప్రయోగమే, దానితో అంతా రుజువైపోలేదు. కాని హోర్ పలకల ముందు నిలబడినవారికి అది ఆశ్చర్యం కలిగించదు. ఆయన చేసినది గాయాన్ని చూపించే బొమ్మ కాదు. అక్కడ కాగితానికే గాయమైంది.

శీర్షిక చేసే పనిని జరీనా హష్మీ (1937–2020) 2001లో చేసిన చెక్క అచ్చు ఒకటి చక్కగా చూపిస్తుంది. లేతరంగు కాగితం మీద వంకరటింకర నల్లగీత ఒకటి పైనుంచి కిందికి నడుస్తుంది. చుట్టూ ఉలి వదిలిన చిన్న చిన్న నల్ల తునకలు. పేరు తెలియకుండా చూసినవారికి ఎండిన ఏరు, చీలిన గోడ, చెట్టువేరు ఏదైనా గుర్తుకు రావచ్చు. పేరు ‘విభజన రేఖ’. ఆ మాట చదివిన క్షణం గీత భారత పాకిస్తాన్ సరిహద్దు అయిపోతుంది, ఇక వెనక్కి వెళ్లి దాన్ని ఏరుగా చూడడం సాధ్యం కాదు. జరీనా పుట్టింది అలీగఢ్‌లో, తండ్రి అక్కడి విశ్వవిద్యాలయంలో చరిత్ర బోధించేవాడు, కుటుంబం తర్వాత కరాచీకి వెళ్లిపోయింది, ఆమె ఢిల్లీలో, పారిస్‌లో, న్యూయార్క్‌లో బతికింది. ఈ వివరాలన్నీ ఆ పేరు వెనక నిలబడతాయి.

పేరు ఇంత బలంగా పనిచేస్తే గీతలో చూడడానికి ఏం మిగిలినట్టు? చెక్క అచ్చు ఎలా తయారవుతుందో తెలిస్తే దీనికి జవాబు దొరుకుతుంది. చెక్క అచ్చులో నల్లగా పడేది చెక్కకుండా వదిలిన భాగం. ఒక సన్నటి గీత నిలబడాలంటే దానికి రెండువైపులా ఉన్న చెక్కనంతా ఉలితో తవ్వి తీసెయ్యాలి. సరిహద్దును ఒక్క ఊపుతో గీయలేదు; ఇరుపక్కల నేలనూ ఖాళీ చేస్తే మిగిలింది సరిహద్దు. చుట్టూ ఉన్న తునకలు ఆ తవ్వకంలో పూర్తిగా పోకుండా మిగిలినవి. ఇది శీర్షిక చెప్పని సంగతి, జీవితచరిత్రలో దొరకని సంగతి. పనిముట్టు నడిచిన తీరు చూసినవారికే తెలుస్తుంది. దేశవిభజన మీద వచ్చిన చాలా కథాచిత్రాలకన్నా ఈ చిన్న అచ్చు బరువుగా ఉండడానికి కారణం అదే.

జీవితచరిత్రను ఎప్పుడు తలుచుకోవాలి అన్నది ఇక్కడ తేల్చుకోవలసిన ప్రశ్న. నస్రీన్‌కు చివరి ఏళ్లలో చేతుల కదలికను అదుపు తప్పించే నరాల జబ్బు ఉంది. ఆ సంగతి ముందే చెప్పి బొమ్మ చూపిస్తే, చూసేవారు ప్రతి గీతలోనూ ధైర్యాన్నో విషాదాన్నో చూసి కళ్లు తుడుచుకుంటారు. అప్పుడు వారు చూసింది జబ్బును, బొమ్మను కాదు. బొమ్మ చూశాక చెబితే సంగతి వేరు. 1980ల నాటి కాగితం మీద తిరుగులేని సన్నటి చాపాన్ని చూసి, ఆ తర్వాత దాన్ని గీసిన చేయి ఎలాంటిదో తెలుసుకుంటే, ఆ ఖచ్చితత్వానికి పెట్టిన శ్రమ అంచనాకు వస్తుంది. ఆమెకు సన్నిహితుడైన చిత్రకారుడు వి.ఎస్. గాయ్‌తొండే (1924–2001) విషయంలోనూ ఇంతే. 1970ల మొదట్లో ఢిల్లీకి వచ్చి నిజాముద్దీన్‌లో స్థిరపడిన గాయ్‌తొండే 1984లో ఆటో ప్రమాదంలో గాయపడి కొన్నేళ్లు పెద్ద కాన్వాసుల జోలికి పోలేకపోయాడు. ఆ మధ్యకాలంలో చిన్న కాగితాల మీద సిరాతో, ఏ భాషకూ చెందని లిపిలా ఉండే గుర్తులు వేశాడు. ప్రమాదం వల్ల కాగితం ఎందుకు చిన్నదైందో తెలుస్తుంది. గుర్తులు అలా ఎందుకున్నాయో తెలియదు.

నైరూప్య చిత్రాలతో తరచు కలిపేసే మూడు సంగతులను విడదీయడం మంచిది. తంత్ర యంత్రాలు చూపుకు నైరూప్యాలే. ఢిల్లీ క్రాఫ్ట్స్ మ్యూజియం డైరెక్టరుగా పనిచేసిన అజిత్ ముఖర్జీ 1966లో ‘తంత్ర ఆర్ట్’ పుస్తకం వెలువరించాక వాటినుంచి ప్రేరణ పొందిన చిత్రకారులు చాలామంది. కరీంనగర్ ప్రాంతంలో పుట్టి హైదరాబాదులో స్థిరపడిన పి.టి. రెడ్డి (1915–1996) వారిలో ముందువరుసవాడు. కాని యంత్రంలో కిందికి తిరిగిన త్రికోణం శక్తి, పైకి తిరిగింది శివుడు. అది ఉపాసకులు ఒప్పుకున్న సంకేతం, దానికి అర్థం నేర్చుకోవాలి. నస్రీన్ త్రికోణానికి అలాంటి ఒప్పందం లేదు. ముగ్గు సంగతీ ఇలాంటిదే. చుక్కలు పెట్టి మెలికలు తిప్పే తెలుగు ఇల్లాలు నైరూప్య చిత్రకారిణే అనడం వినడానికి బాగుంటుంది, సభల్లో చప్పట్లు పడతాయి. గీతను గీతగా ఆనందించడం ముగ్గువల్ల అలవడుతుందన్నంతవరకు ఆ మాట నిజం. కాని ముగ్గుకు వాకిలి ఉంది, పొద్దు ఉంది, పండగ ఉంది. సంక్రాంతికి ఢిల్లీ అపార్టుమెంటు గుమ్మంలో వేసినా అది ఎందుకో అందరికీ తెలుసు. మ్యూజియం గోడమీది కాగితానికి ఆ సందర్భాలేవీ లేవు. దాని సందర్భాన్ని అదే తయారుచేసుకోవాలి.

మూడోది రోర్షాక్ పరీక్ష. 1921లో వెలువడిన ఆ 10 సిరామరకల పలకలు చూసేవారి మనసు తెలుసుకోవడానికి చేసినవి. మరక తనంతట తానుగా చెప్పేదేమీ లేదు. ‘ఎవరికి తోచింది వారికి’ అనేవారు ప్రతి నైరూప్య చిత్రాన్నీ రోర్షాక్ పలకగా మారుస్తారు. మరకకూ బొమ్మకూ నడుమ అరుదైన ఉదాహరణ రవీంద్రుడు. 1920లలో తన రాతప్రతుల్లో కొట్టివేతలను ఒకదానితో ఒకటి కలుపుతూ ఆయన ఆకారాలు తెప్పించాడు. 1930లో పారిస్‌లో ప్రదర్శించేనాటికి అవి పూర్తి బొమ్మలయ్యాయి. ఇండియా గేట్ దగ్గర జైపూర్ హౌస్‌లోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో ఆయన చిత్రాలు పెద్ద సంఖ్యలో ఉన్నాయి. మొదటి కొట్టివేత అనుకోకుండా పడింది. దాన్ని ఉంచాలా, పెంచాలా, మరోదానితో కలపాలా అన్నది మాత్రం నిర్ణయం. చూసేవారు గుర్తుపట్టేది ఆ నిర్ణయాలనే.

‘మా పిల్లాడు కూడా ఇలా గీస్తాడు’ అనే మాటకు జవాబు కూడా ఇక్కడే ఉంది. 2011లో ఏంజెలీనా హాలీ-డోలన్, ఎలెన్ విన్నర్ ఈ మాటనే పరీక్షకు పెట్టారు. పేరున్న నైరూప్య చిత్రకారుల బొమ్మల పక్కన చూపుకు దగ్గరగా ఉండే చిన్నపిల్లల బొమ్మలు, కోతులు, ఏనుగులు వేసిన బొమ్మలు పెట్టి ఏది మెరుగైనదని అడిగారు. కొన్ని జతలకు పేర్లు తారుమారు చేసి కూడా చూపించారు. కళ చదవనివారు సైతం సగానికన్నా ఎక్కువసార్లు, దాదాపు మూడింట రెండు వంతులు, చిత్రకారుడి బొమ్మనే ఎంచుకున్నారు. దాని వెనక ఒక ఆలోచన కనిపిస్తోందని కారణం చెప్పారు. మిగతా ఒక వంతు సార్లు తప్పారన్నదీ నిజమే, కాబట్టి పిల్లాడి తండ్రిని మరీ వెక్కిరించనక్కరలేదు.

చివరగా, చూసే పరిస్థితుల గురించి. కాగితం మీది పనులను సుమారు 50 లక్స్ మించని వెలుతురులో ప్రదర్శించడం మ్యూజియంల ఆనవాయితీ. కొన్ని నెలలు గోడమీద ఉంచాక మళ్లీ చీకటి సొరుగుల్లోకి పంపిస్తారు. పెన్సిల్ గీత వెలిసిపోదు గాని కాగితం పసుపెక్కుతుంది, కొన్ని సిరాలు గోధుమరంగుకు తిరుగుతాయి. అందువల్ల ఇలాంటి సేకరణలు ఢిల్లీలో ఉన్నా, ఏ రోజు వెళితే ఆ రోజు అవి గోడమీద కనిపించవు. ప్రదర్శన పెట్టినప్పుడే చూసుకోవాలి. బయటి ఎండలోంచి లోపలికి వచ్చిన కళ్లకు ఆ మసకవెలుతురు అలవాటు కావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. అంతకుముందు లేత పెన్సిల్ గీతలు కనిపించనే కనిపించవు. ఫోన్ కెమెరా కాగితపు తెలుపును సరిదిద్దబోయి వాటిని చెరిపేస్తుంది. అచ్చు పుస్తకంలో చుక్కల ముద్రణవల్ల సన్నగీత తెగి పొడిపొడిగా పడుతుంది, లేదా దగ్గరదగ్గర గీతలు కలిసి బొమ్మలో లేని అలలు పుడతాయి. నస్రీన్ బొమ్మను కేటలాగులో చూసి ‘ఇక్కడ శూన్యం’ అని ఎవరైనా రాస్తే, అసలు కాగితం మీద ఆ చోట గీతలు ఉండి ఉండవచ్చు.